పనసపొట్టు అప్ప

మా అపార్ట్‌మెంటు పక్క రైతుబజారులో పనసపొట్టు కొట్టే అప్ప ఒకావిడ ఉండేది. ఆవిడ కత్తి చప్పుడుకి నాగావళి అవతలి ఒడ్డున కోళ్లు లేచి కూసేవంటే మీరు నమ్మరు, నమ్మకండి. చేతులకి నూనె రాసుకుని, చెక్కిన కాయ ముందు పెట్టుకున్నాక కూడా, "ఎవులింటికి? ఎంతమంది తింతారు?" అని అడగనిదే కత్తి ఎత్తేది కాదు. వంతు కోసం నిలబడి ఆ జవాబులు వినబట్టే మాకు పక్క ఫ్లాటువాళ్ల పేర్లు తెలిశాయి.

మా అపార్ట్‌మెంటు సంఘం అధ్యక్షులవారికి మాత్రం ఆ బజారంతా కంపు, రొద. దాన్ని ఊరవతలికి తరలించాలని అర్జీ రాసి, సంతకాల కోసం ఆదివారం పొద్దున్న మీటింగు పెట్టారు. హాల్లోకి కుర్చీలు తప్ప ఎవరూ రాలేదు. ఆయనే అర్జీ పట్టుకుని బజారుకి వస్తే, అందరం అప్ప చుట్టూ ఉన్నాం.

"నన్నీడ నుంచి లేపీడానికేనా బావూ ఈ కాయితం?" అంది అప్ప, కత్తి దించి. "నీ వోళ్లంతా ఈడే ఉన్నారు. పేరెట్టి పిలు, సంతకాలెడతారు."

ఆయన మమ్మల్ని తేరిపార చూశారు. రెండేళ్లుగా ఒకే లిఫ్టులో దిగుతున్నా, ఆయనకి మేం తలుపుల మీది నంబర్లమే. చివరికి, "టూ నాట్ వన్..." అన్నారు. ఎవరూ పలకలేదు.

అప్పకి జాలేసింది. "పోన్లే బావూ. ఎంతమంది తింతారు?"

"ఇద్దరం," అన్నారాయన, అర్జీ మడిచి జేబులో పెట్టుకుంటూ.

"ఆ ముక్క ముందు సెప్పాల కదేటి!" అని అప్ప కత్తి ఎత్తింది. అవతలి ఒడ్డున కోళ్లు కూశాయి.