సత్యవేణి పెట్టిన గడువు

తాడేపల్లిగూడెంలోని ఆ పెళ్ళి సంబంధాల ఆఫీసుకు ఎవరు ఫోన్ చేసినా ముందు పలికేది సత్యవేణి. గొంతు వెన్నలా ఉంటుంది. ఆ గొంతును నమ్మి అడ్డదిడ్డంగా మాట్లాడినవాళ్ళు రెండో మాటకే నాలుక కరుచుకుంటారు. ఒకసారి కైకలూరు నుంచి చేపల చెరువుల ఆసామి ఒకాయన, "అమ్మాయి రంగు కాస్త తక్కువలా ఉందండీ" అని నసిగాడు. "మీ అబ్బాయి ఫోటో కూడా ఇప్పుడే చూశానండి. నేనేమైనా అన్నానా?" అంది సత్యవేణి. ఆయన మళ్ళీ ఫోన్ చెయ్యలేదు. చెయ్యకపోతే మానె, ఆవిడకేం పోయింది?

పెంటపాడులో రెండు పంటలు పండే పొలమున్న రైతు కూతురు ఆవిడ. డిగ్రీ అయిన ఏడాది ఆవిడ ఫోటో కూడా ఊళ్ళు తిరిగింది. తిప్పినాయన పెళ్ళిళ్ళ పేరయ్య హనుమంతరావు. అప్పట్లో ఆయనకు ఆఫీసూ లేదు, కంప్యూటరూ లేదు. ఒక మోపెడ్, దాని ముందు ఫోటోల సంచి, అంతే. దెందులూరు వాళ్ళు ఆ సంబంధం వద్దన్నారు. వద్దన్న కబురు ఎవరైనా ఫోన్లో చెప్పి ఊరుకుంటారు. ఈయన మాత్రం ఎర్రటి ఎండలో మోపెడ్ వేసుకుని వచ్చి, కవరులో పెట్టిన ఫోటో సత్యవేణి తండ్రి చేతిలో పెట్టాడు. "కుదరనప్పుడు ఆడపిల్ల ఫోటో ఇంకొకరింట్లో ఉండకూడదండి. తిరిగి తెచ్చివ్వడం నా పూచీ" అన్నాడు. మజ్జిగ గ్లాసు పట్టుకుని గుమ్మంలో నిలబడ్డ సత్యవేణి ఆ మాట వింది. వద్దన్నారన్న బాధ సగానికి సగం అక్కడే తగ్గింది.

తర్వాత వచ్చిన సంబంధాల్లో కొన్ని వాళ్ళు కాదన్నారు, కొన్ని ఈవిడ కాదంది. చూసి చూసి తండ్రి విసిగిపోయాడు గాని ఈవిడ విసగలేదు. హనుమంతరావు ఆఫీసు తెరిచి కంప్యూటర్ తెలిసిన మనిషి కావాలని వెతుకుతున్నప్పుడు, ఎవరూ పిలవకుండానే వెళ్ళి కుర్చీలో కూర్చుంది. అప్పటికే ఆయన్ని బాబాయిగారూ అనడం అలవాటైపోయింది. ఇప్పుడావిడకు నలభై దగ్గర పడుతున్నాయి.

మధ్యలో ఏలూరు నుంచి జయకృష్ణ అనే కుర్రాడు వచ్చి ఫోటోలన్నీ క్లౌడులోకి ఎక్కించాడు. సంచి బీరువా పైకెక్కింది. ఇక ఒక్క నొక్కుడుతో ఫోటో వంద ఇళ్ళకు పోతుంది. ఆదివారం వస్తే చాలు, ఎత్తూ నక్షత్రమూ సరిచూసి మిషనే సంబంధాలు పంపించేస్తుంది. వచ్చినవాళ్ళందరితో హనుమంతరావు, "మన దగ్గర ఇరవై వేల ఫోటోలున్నాయండి" అని మీసం సవరించుకునేవాడు. వాళ్ళలో ఎంతమందికి పెళ్ళిళ్ళై పిల్లలు బడికి పోతున్నారో ఆయనకూ తెలియదు, మిషనుకూ తెలియదు. చోటుంది కదా, ఉండనిద్దాం అనుకున్నారు.

అలా ఉండనిచ్చిన ఫోటోల్లో రమ్యశ్రీది ఒకటి.

ఆ పిల్ల తణుకు నుంచి చంటిబిడ్డను ఎత్తుకుని వచ్చింది. పెళ్ళై మూడేళ్ళు. మరిదికి సంబంధాలు చూస్తున్నారు. ఆదివారం ఇంటిల్లిపాదీ ఫోన్ చుట్టూ కూర్చుని ఒక్కో అమ్మాయినీ చూస్తుంటే, మధ్యలో లంగా ఓణీలో రమ్యశ్రీ వచ్చింది. కింద 'వరుడు కావలెను' అని ఉంది. అత్తగారు అందరిముందూ నవ్వి, "ఏవమ్మా, మీవాళ్ళు ఇంకా వెతుకుతూనే ఉన్నారా?" అందట.

"ఆవిడ నవ్విందిలే అనుకున్నానక్కా. మా ఆయన మాత్రం ఆ రోజు నుంచి నాతో మాట్లాడటం లేదు. నేనేం తప్పు చేశాను?" అని రమ్యశ్రీ ఏడ్చింది.

సత్యవేణికి ఒళ్ళు మండిపోయింది. ఆ పిల్ల ముందే ఫోటో వెతికి చెరిపేసి పంపించింది. వారం తిరిగేసరికి ఫోటో మళ్ళీ అక్కడే ఉంది. హనుమంతరావు ఫోన్లో ఉన్న నకలు క్లౌడులోకి మళ్ళీ ఎక్కుతోందని అప్పుడు తెలిసింది. చేత్తో ఒక్కొక్కటే చెరుపుతూ కూర్చుంటే ఈ జన్మకు తెమలదని, ఫైళ్ళు వాటంతటవే చెరిగిపోయే ఏర్పాటు ఎలా చెయ్యాలో జయకృష్ణను ఫోన్లో అడిగి నేర్చుకుంది.

మొదట పెట్టిన రూలు తెల్లమొహం వేసింది. సంబంధం 'కుదిరింది' అని గుర్తు పెట్టగానే ఆ ఫోటో చెరిగిపోవాలని పెట్టింది. కానీ కుదిరిందని చెప్పేదెవరు? దిష్టి తగులుతుందని శుభలేఖలు పంచేదాకా ఏ తల్లీ నోరు విప్పదు. పెళ్ళయ్యాక పేరయ్య ఎవరికి గుర్తుంటాడు? నెలంతా చూస్తే ఒక్క ఫోటో కూడా కదల్లేదు. నవ్వొచ్చింది, చిరాకూ వచ్చింది. అందుకని రెండో రూలు కాలానికి పెట్టింది. అమ్మాయిదైనా అబ్బాయిదైనా ఫోటో వచ్చి ఏడాది దాటితే ఇంటివాళ్ళకు కబురు పోతుంది. ఉంచమంటే ఇంకో ఏడాది ఉంటుంది. ఉలుకూ పలుకూ లేకపోతే శుక్రవారం సాయంత్రం నకళ్ళతో సహా చెరిగిపోతుంది. ఫోన్లోంచి తిరిగి ఎక్కే దారి కూడా మూసేసింది. హనుమంతరావుకు చెప్పింది కూడా. కంప్యూటర్ బూజు దులుపుతున్నారనుకుని ఆయన తల ఊపేశాడు.

సరిగ్గా ఆ మొదటి శుక్రవారం మధ్యాహ్నం ఆయనకు ఎవరో ఫోన్ చేసి, "ఏవండీ, ఫోటోలన్నీ తీసేస్తున్నారంట, ఆఫీసు ఎత్తేస్తున్నారా?" అని అడిగారు. ఆయన భోజనం మధ్యలో లేచి వచ్చాడు.

"ఇరవై వేల ఫోటోలమ్మా! నా జీవితమమ్మా అది!"

"మీ జీవితం కాదండి బాబాయిగారూ. వాళ్ళ మొహాలు."

ఆయన బిత్తరపోయి, వెంటనే ఒంటికాలి మీద లేచాడు. "నీకేం తెలుసు? ఫోటోలు లేని పేరయ్య గుమ్మం ఎవరు తొక్కుతారు? అందులో నీ ఫోటో కూడా ఉంది, అదీ పోతుంది. ఆ తర్వాత నీ మొహం ఎవరు చూస్తారు?"

అనేశాక ఆయనే నాలుక కరుచుకున్నాడు. సత్యవేణికి ఆ మాట సూటిగా తగిలింది. తన ఫోటో అక్కడుందని ఆవిడకు తెలుసు. నీలం చీర, కెమెరాను చూసి బెదిరిన కళ్ళు. పనిలేని మధ్యాహ్నాల్లో దాన్ని తెరిచి చూసుకున్న రోజులున్నాయి. ఏ ఆదివారమో మిషను ఎవరినైనా పంపుతుందేమోనన్న ఆశ లేదంటే అబద్ధం. అయినా "పోనివ్వండి" అంది.

హనుమంతరావు అప్పటికే జయకృష్ణకు ఫోన్ కలిపి స్పీకర్ పెట్టాడు. ఆపేస్తాను సార్, మీ ఫోన్‌కు ఓటీపీ వస్తుంది, చెప్పండి చాలు అన్నాడు జయకృష్ణ. టింగుమని వచ్చింది.

"చెప్పండి" అంది సత్యవేణి. "చెప్పాక ఈ కుర్చీలోకి ఇంకొకరిని చూసుకోండి. తణుకు పిల్ల మళ్ళీ ఏడుస్తూ వస్తే జవాబు కూడా మీరే చెప్పుకోండి."

"నాలుగు... సున్నా... ఏడు..." ఆయన ఒక్కో అంకే చదవసాగాడు.

"దెందులూరు నుంచి నా ఫోటో పట్టుకొచ్చి మా నాన్నకేమని ఇచ్చారో గుర్తుందా? ఆడపిల్ల ఫోటో ఇంకొకరింట్లో ఉండకూడదన్నారు. తిరిగి తెచ్చివ్వడం నా పూచీ అన్నారు. ఆ మాట అన్న మనిషి దగ్గర పనిచేద్దామని వచ్చానండి నేను. ఇరవై వేల ఇళ్ళకు మోపెడ్ మీద మీరెలాగూ తిరగలేరు. మీ పూచీ ఈ రూలు తీరుస్తుంది. ఎందుకు ఆపుతారు?"

హనుమంతరావు ఫోన్ మీంచి తలెత్తాడు. బీరువా పైనున్న సంచి వైపు చూస్తూ ఉండిపోయాడు.

"హలో సార్, మిగతా మూడు అంకెలు? టైమైపోతోంది."

"కళ్ళజోడు కనబడ్డం లేదయ్యా" అన్నాడు హనుమంతరావు. కళ్ళజోడు ముక్కు మీదే ఉంది. "తర్వాత చేస్తాలే" అని ఫోన్ పెట్టేశాడు.

సత్యవేణి నవ్వలేదు. కుర్చీ లాక్కుని కూర్చుంది. సాయంత్రం రూలు తన పని తాను చేసుకుపోయింది. ఏడాది నిండని ఫోటోలూ, ఉంచమన్న ఇళ్ళవీ ఉన్నాయి, మిగతావన్నీ పోయాయి. రమ్యశ్రీ పేరు కొట్టి చూసింది, ఏమీ రాలేదు. ఇంకోసారి కొట్టింది, రాలేదు. తణుకు ఫోన్ చేసి, "పోయిందమ్మా, ఇక రాదు. కావాలంటే మీ ఆయన్ని కూడా వెతికి చూసుకోమను" అని చెప్పింది.

తాళం వేసేముందు హనుమంతరావు నెమ్మదిగా అడిగాడు. "నీది ఉంచమని నొక్కుకోలేకపోయావా అమ్మా?"

"లేదండి."

"రేపెవరైనా మంచివాడు నీ ఫోటో చూపించమంటే నేనేం చెప్పేది?"

"నన్నడగమనండి" అంది సత్యవేణి, చెప్పులు వేసుకుంటూ. "అతన్ని చూసి, చూపించాలో లేదో నేను చెబుతాను."