ఆఫీసరు నెత్తిన పేడనీళ్లు

పెళ్లయి తిరుత్తణి నేతగాళ్ల వీధికి వచ్చిన కొత్తల్లో, 1957లో, మా ఇళ్ల వెనకున్న పంచాయతీ చెత్తదిబ్బను ఆడవాళ్లమంతా కలిసి చదును చేసి వంగ, చిక్కుడు వేశాం.

ఒక ఉదయం ఎవరో వంగి చిక్కుడుతీగ లాగుతున్నట్టు కనిపించింది. దొంగేననుకుని, చేతిలోని కళ్లాపి బకెట్టు అతని నెత్తిన కుమ్మరించాను.

"పడిన తీగను పందిరికెక్కిస్తా ఉండానమ్మా! నేను పంచాయతీ ఆఫీసర్ని. ఈ తోట తీసేయాల్నా వద్దా అని చూడ్డానికొచ్చినాను" అన్నాడాయన, ముఖం మీది పేడ తుడుచుకుంటూ.

అత్త చెంబుతో నీళ్లు తెచ్చింది. "కోడలు తెలీక చేసినాది. మన్నించండయ్యా!"

ఆయన పకపకా నవ్వాడు. "ఇంత కావలుండే తోటను పీకే ధైర్యం నాకు యాడుందమ్మా? పెట్టుకోండి."

వారం రోజులు సిగ్గుతో తలెత్తలేకపోయాను. ఆ ఏడు మాత్రం వీధిలో ఏ పొయ్యి మీద చూసినా మా చిక్కుడుకాయ కూరే. పుట్టింటిని తలచుకుని ఏడ్చే నాకు, ఆ వీధి నాదనిపించింది అప్పుడే.