దిబ్బ కింది వీధి ఖాళీ అయిన పొద్దు

మా పంచాయతీలో విపత్తుల ప్రణాళిక అంటే బీరువాలో నిద్రపోయే ఫైలు. వార్డు మెంబరుగా దాని మీద నా సంతకం కూడా ఉంది, సిగ్గుపడుతూనే చెబుతున్నాను. పోయిన వానాకాలంలో మా కాలనీలోకి మోకాలి లోతు నీళ్ళొస్తే ఆ ఫైలు తెరిచిన పాపాన ఎవరూ పోలేదు. కేజీఎఫ్ బంగారు గనుల పక్కన ఒక పంచాయతీ వాళ్ళు వానలకు ముందే ఊరిని ఖాళీ చేసి చూసుకుంటున్నారని మా చెల్లెలు చెప్పగానే సంచి సర్దుకున్నాను.

కుప్పంలో తెల్లవారే ప్యాసింజరు ఎక్కితే గంటకు కాస్త అటూ ఇటూగా బంగారపేట. అక్కడినుంచి బస్సులో రాబర్ట్‌సన్‌పేట చేరి, నలభై రూపాయలకు ఇడ్లీ, వడ తిని, క్యాసంబళ్ళి బస్సెక్కాను. కర్ణాటక ఆధార్ ఉన్న ఆడవాళ్ళకు బస్సు ఉచితం. నా ఆంధ్రా ఆధార్ చూసి కండక్టరు నవ్వుతూ టికెట్టు చింపాడు. "ఈ పక్క పుట్టింటే మిగిలిపోతా ఉండె గదమ్మా!" అన్నాడు. పుట్టుక నా చేతిలో ఉందా నాయనా అన్నాను.

తొమ్మిదింటికి దిగాను. ఊరి పేరు రాయొద్దన్నారు, రాయను. వీధికి పైన తెల్లగా సైనైడ్ దిబ్బ ఉంది, గనుల్లో రాయి పిండి చేసి బంగారం తీసుకున్నాక పోసిన మన్ను. గట్టి వాన పడితే ఆ మన్ను జారి కాలువను పూడుస్తుంది, నీళ్ళు ముప్పైఎనిమిది ఇళ్ళ మీదికి మళ్ళుతాయి. పంచాయతీ అధ్యక్షురాలు రత్నమ్మ గుమ్మంలోనే మజ్జిగ ఇచ్చి, ఉన్నమాట చెప్పింది.

"పోయినసారి రిహార్సల్‌కు సైరన్ పెట్టించి నా పరువు పోయిందక్కా. వేళ గాని వేళ సైరన్ మోగితే గనిలో ప్రమాదమని ఈడ అందురికీ తెలుసు. ముసిలోళ్ళంతా ఎత్తుగా ఉండే గట్టుమీదికి రాకుండా, గనిలోకి దిగే పాత షాఫ్టు కాడికి పరిగెత్తినారు. అది మూసేసి ఎన్నేండ్లాయె! ఈసారి గూడా తప్పితే ఈ ప్లాను మూలన పడేస్తామని మెంబర్లు ముందే చెప్పేసినారు. ఇంగ వానొస్తే ఎవురు లేపేది వీళ్ళని?"

షాఫ్టు దగ్గరికి అందరికన్నా ముందు పరిగెత్తిన మునియప్ప పక్కనే కూర్చుని ఉన్నాడు. గనిని జాతీయం చేసిన తర్వాత పనిలో చేరి, మూసేదాకా లోపలికి దిగిన మనిషి. కొత్త ఉపాయం ఆయనదే. గనిలోకి దిగేవాడు ఇత్తడి బిళ్ళ తీసుకునేవాడు, పైకొచ్చాక దాన్ని బోర్డు మేకుకు తగిలించేవాడు. మేకు ఖాళీగా ఉంటే మనిషి ఇంకా కిందే ఉన్నట్టు. "మా తమ్ముడి మేకు ఒగ దినం ఖాళీగానే నిలిచిపోయిందమ్మా," అన్నాడు. గట్టు మీది పాల డెయిరీ గోడకు ఇప్పుడు ముప్పైఎనిమిది మేకులున్నాయి, ఇంటికొక నంబరు బిళ్ళ ఇచ్చారు. సైరన్ బదులు డెయిరీ గంట పెట్టారు, ఆ గంట వినగానే పాలు పోయడానికి అందరూ రోజూ నడిచేది ఆ గట్టు దారే కాబట్టి.

పదింటికి గంట కొట్టారు. అబ్బబ్బా, ఆ పరుగు చూడాలి! పిల్లల్ని చంకనేసుకున్నవాళ్ళు, మంచానికి కట్టెలు కట్టి అత్తను మోసుకొచ్చినవాళ్ళు, అలవాటుకొద్దీ ఖాళీ పాల క్యాన్లతో వచ్చినవాళ్ళు. ఒక్కరూ షాఫ్టు వైపు చూడలేదు. పన్నెండు నిమిషాల్లో ముప్పైఏడు బిళ్ళలు పడ్డాయి. పదిహేడో మేకు మాత్రం ఖాళీ.

"గంగులమ్మ యాడ?" అని అరిచాడు మునియప్ప. మెంబర్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. రత్నమ్మ గడియారం చూసుకుంది. అనుకున్న గడువు ఇరవై నిమిషాలు. పదహారు దాటాయి, పదిహేడు దాటాయి. అప్పుడు మలుపులో ముందు ఆవు కనిపించింది, దాని మెడలో తాడుకు పదిహేడో బిళ్ళ, వెనకాల తోలుకుంటూ ముసలి గంగులమ్మ.

"దీన్ని విడిచిపెట్టి వచ్చేదెట్లప్పా? నాకు తిండి పెట్టేది ఇదే గదా!"

గట్టంతా ఒక్కటే ఈల, చప్పట్లు. మెంబర్లు కూడా కొట్టారు, కొట్టక చస్తారా! రత్నమ్మ నవ్వుతూనే కళ్ళు తుడుచుకుని, ప్లాను పుస్తకంలో అక్కడికక్కడే రాయించింది, పశువులకు గట్టు వెనక వేరే దారి, కట్టేయడానికి చోటు అని. మెంబర్లంతా సంతకాలు పెట్టారు.

ఇన్నాళ్ళూ ప్రణాళిక అంటే ఇంజనీర్లు రాసేదనుకున్నాను. ఆ ఊళ్ళో దాన్ని ఒక గని మనిషి గుర్తుపెట్టుకున్న పద్ధతితో, ఒక ముసలమ్మ మొండితనంతో రాసుకున్నారు. పొరపాటు జరిగిందని దాచలేదు, దాని నుంచే నేర్చుకున్నారు. మీరూ చూడాలనుకుంటే వానలు మొదలవకముందే వెళ్ళండి, రిహార్సల్ ఏ రోజో ఆ పంచాయతీకి ఫోన్ చేసి కనుక్కోండి (నంబరు అడిగినవాళ్ళకు నేనిస్తాను), మీ పంచాయతీ సెక్రటరీని తప్పకుండా వెంటబెట్టుకెళ్ళండి. నేను ఒంటరిగా వెళ్ళి తప్పు చేశాను, ఎందుకంటే మునియప్ప పదిహేడో బిళ్ళను తన చేత్తో తగిలించి, ముప్పైఎనిమిది మేకులనూ ఒక్కొక్కటిగా తడిమి, "ఇంగ కింద ఎవురూ లేరమ్మా" అన్నప్పుడు ఆయన మొహం ఎలా ఉందో నేను ఎంత చెప్పినా మావాళ్ళకు అర్థం కావడం లేదు.