స్వర్ణకుమారి పిండి బండి

మా ఊళ్ళో నిమ్‌పురా నుంచి ఖరిదా దాకా పొద్దున్నే ఇడ్లీలు, దోశలు అమ్మే కొట్లలో సగానికి పిండి వెళ్ళేది మా చిన్నమ్మ స్వర్ణకుమారి ఇంటి నుంచే. రుబ్బేది ఆవిడ, పేరు కొట్టువాళ్ళది. "ఈళ్ళ ఇడ్లీ దూదిలాగుంటాది" అని ఎవరైనా మెచ్చుకుంటుంటే పక్కనే నిలబడి కూడా నోరు విప్పదు. నేనైతే విప్పేవాణ్ణి.

చిన్నమ్మ పుట్టింది ఇక్కడే, కలకత్తా వైపున్న ఈ రైల్వే ఊళ్ళోనే. తాత శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి వర్క్‌షాపులో ఫిట్టరయ్యాడు. కూతుర్ని నిమ్‌పురా యార్డులో షంటింగ్ చేసే దేముడికిచ్చి పెళ్ళి చేశాడు. దేముడు చిన్నాన్న డ్యూటీకి వేళాపాళా లేదు. ఆయన పగలు పడుకుంటే ఇంట్లో గిన్నె చప్పుడు కూడా చెయ్యకూడదు. చప్పుడు చెయ్యకుండా బతకడం చిన్నమ్మకి చేతకాక, క్వార్టరు వెనక రేకుల షెడ్డు వేసి గ్రైండర్ పెట్టింది. మొదట ఇరుగుపొరుగుకే. తర్వాత సైకిల్ వెనక కేను కట్టుకుని కొట్లకి. ఆ తర్వాత టోటో అద్దెకి తీసుకుంది. బ్యాటరీ రిక్షా కదా, నాలుగు కేన్లు ఎక్కిస్తే ఎత్తు మీద మూలిగేది. అప్పుడు టోనీ నీలం పికప్ కుదిరింది. టోనీయే డ్రైవరు, టోనీయే ఓనరు. నేను కాలేజీ మానేసి, ఏ పనిలోనూ నెల నిలవకుండా తిరుగుతున్న రోజుల్లో కేన్లు ఎత్తడానికి నన్ను అందులో ఎక్కించింది. తోలడం కూడా టోనీ దగ్గరే నేర్చుకున్నాను. అప్పటి నుంచి దిగలేదు. అది కదులుతూ ఉంటుంది, అంతే కారణం.

మొన్న వేసవిలో టోనీకి నడుం పట్టేసింది. ఇక స్టీరింగ్ ముట్టుకోవద్దని డాక్టరు చెప్పాడు. బండి అమ్మేస్తానని ముందు చిన్నమ్మకే చెప్పాడు.

"సొర్నక్కా, దాపరికం నేదు. ఇంజిను రాయి. పదేళ్ళయినా నన్ను రోడ్డు మీద ఒగ్గీనేదు. కానీ డీజిల్ తాగదు, పీల్చేస్తాది."

"నీకు తెలీదేటి టోనీ, నానే కదా పోయిస్తన్నాను" అంది చిన్నమ్మ.

అదే సమయంలో ఖరిదాలో బిశ్వాస్ దాదా అనే ఆయన తెల్ల పికప్ అమ్మకానికి పెట్టాడు. కొత్త రకం, గీత పడలేదు. లీటరుకి నీలం దానికన్నా రెట్టింపు దూరం వెళుతుందని చెప్పాడు. ఆ 'రెట్టింపు' చిన్నమ్మ చెవిలో దూరింది, ఇక బయటికి రాలేదు. అగ్గిపుల్ల కూడా రెండు పొయ్యిలకి వాడే మనిషి మరి.

నాకు నీలం దానిమీదే మనసు. దానిమీద ప్రేమ కాదు. రోడ్డు పక్కన బండి ఆగిపోయి, ఎవడో వస్తాడని ఎదురుచూస్తూ కూర్చోవడం నాకు చావుతో సమానం. నీలం బండి రోగాలన్నీ నాకు తెలుసు. తెల్లదాని బానెట్ ఎత్తితే అన్నీ మూతలే, చెయ్యి పెట్టే సందు లేదు.

"ఆగితే ఏటి సేస్తావు సిన్నమ్మా? లేపటాపు అట్టుకొచ్చినోడే దాన్ని ముట్టుకోవాల."

"కొత్త బండి ఎందుకాగుతాదిరా? నీ నోట్లో మంచిమాట రాదేటి?"

ఆగకూడదు, అదే విషయం. కలకత్తా నుంచి పేకెట్ పిండి ఊళ్ళోకి దిగింది. ఐస్ పెట్టెల్లో పెట్టుకుని తెల్లారకముందే కొట్లచుట్టూ తిరుగుతున్నారు. పూరీ గేట్ దగ్గర టిఫిన్ కొట్టు ఏంజలిన్ అక్క మొహాన్నే చెప్పేసింది. "ఒక్క పూట నీ పిండి రాకపోనాదంటే నాను పేకెట్టుకి ఎల్లిపోతాను సొర్నా. నాకు పెనం ఏడిగా ఉంటాది, మొహమాటం ఉండదు." చిన్నమ్మకి అందరికన్నా ఎక్కువ పిండి పోయేది ఆ కొట్టుకే.

దేముడు చిన్నాన్న డ్యూటీ దిగి, కాళ్ళు కడుక్కుంటూ మా గొడవంతా విన్నాడు.

"ఎందుకే అరుసుకుంటారు? లోకో షెడ్డు నుంచి ఇంజినొస్తే ఊరికే తిప్పి సూస్తామేటి? లోడు కట్టి సూస్తాం. ఆ తెల్ల బండికీ లోడు కట్టండి."

అది నచ్చింది ఇద్దరికీ. బిశ్వాస్ దాదా ఒక పూటకి తాళం ఇచ్చాడు.

ఆ పొద్దున నేను షెడ్డుకి వెళ్ళేసరికి చిన్నమ్మ చేసిన పని చూసి నిలబడిపోయాను. మా ఇంట్లో కేనుకి మూడొంతులే పోస్తారు. పైన జానెడు ఖాళీ ఉండాలి. పిండి ప్రాణం ఉన్న వస్తువు, అది పెరుగుతుంది. ఆ రూలు పెట్టిందే ఆవిడ. నేనొకసారి రెండు వేళ్ళు ఎక్కువ పోసినందుకు గరిటెతో కొట్టింది కూడా. అలాంటి మనిషి పొంగిన పిండిని కలిపి, అణిచి, రెండు కేన్లలోది ఒక దాంట్లోకి దింపి, మెడ దాకా నింపి, మూతలు బిగించేసింది.

"ఇదేటి సిన్నమ్మా?"

"రోజూ రెండు ట్రిప్పులు ఎందుకురా? ఒకటే ట్రిప్పు. బండి తక్కువ తాగుతాది, మనం సగమే తిరుగుతాం. అప్పుడు సూడు ఎంత మిగుల్తాదో."

"మళ్ళీ పొంగితే?"

"పొంగే లోపల ఇచ్చేస్తాం. నువ్వు తోలు."

మైలేజీ పిచ్చి అంటే ఇదే. తనకి తెలిసిన ముక్కని తనే పక్కన పడేసింది.

తెల్ల బండి మెత్తగా నడిచింది, అబద్ధం చెప్పను. నిమ్‌పురాలో రెండు కొట్లకి దించాం. ఆగుతూ, సందుల్లో దూరుతూ, మళ్ళీ ఆగుతూ పూరీ గేట్ వైపు తిరిగామో లేదో, ముందు అద్దం కింద పసుపు దీపం వెలిగింది. వెలగగానే బండిలో సత్తువ పోయింది. ఎంత తొక్కినా ముసలి గేదెలా నడుస్తోంది. పక్కకి తీసి బిశ్వాస్ దాదాకి ఫోన్ చేశాను. ఎత్తడానికే చాలాసేపు పట్టింది. ఎండ అప్పటికే వెనక డాలాలో కేన్ల మీద పడుతోంది.

"చింతా కోరో నా" అన్నాడాయన ఆవులిస్తూ. కంగారు పడొద్దట. పొగలో మసిని పట్టే ఫిల్టరు ఒకటి ఉంటుందట. ఊళ్ళో నెమ్మదిగా తిప్పితే అది వేడెక్కక మూసుకుపోతుందట. హైవే ఎక్కి ఒక అరగంట గట్టిగా తోలితే మసి కాలిపోయి దీపం దానంతటదే ఆరిపోతుందట.

"మేము రోజూ తిరిగేది ఊళ్ళోనే కదా దాదా?"

"అయితే అప్పుడప్పుడు హైవేకి తిప్పుకు రండి. ఠీక్ హై?"

చిన్నమ్మకి చెప్పాను. ఆవిడకి ఒక పట్టాన ఎక్కలేదు.

"హైవే ఎక్కి ఎటెల్లాల?"

"ఎటూ నేదు. ఊరికే."

"ఊరికే ఎల్లడానికి డీజిలు ఎవుడు పోస్తాడ్రా?"

"నువ్వే."

ఆవిడ నా వైపు చూసిన చూపుకి ఇంకొకడైతే దిగిపోయేవాడు. కానీ వేరే దారి లేదు. ఈ నడకతో వెళితే ఏంజలిన్ అక్క కొట్టు చేరకముందే బండి ఆగిపోయేలా ఉంది. ఊరి చివర చౌరంగీ దగ్గర హైవే ఎక్కి తొక్కాను. గేరు దించి, ఇంజిను గొంతు పెంచి, ఎటూ కాని ప్రయాణం. చిన్నమ్మ ఒక చేత్తో తలుపు, ఇంకో చేత్తో కొంగు పట్టుకుని కూర్చుంది. వెనక ఎండలో, కుదుపుల్లో పిండి తన పని తను చేసుకుంటోంది. మొదటి మూత లేచిన చప్పుడు నాకు వినపడింది. ఆవిడకీ వినపడింది. తర్వాత రెండోది. తర్వాత లెక్క లేదు.

వెనక నుంచి ఓ లారీ హారన్ కొడుతూ పక్కకి వచ్చింది. క్లీనర్ నడుం దాకా బయటికి వంగి, పాలు కారిపోతున్నాయని అరిచాడు. "ఓ భాయ్! దూధ్ గిర్ రహా హై!"

చిన్నమ్మ కిటికీలోంచి తల బయట పెట్టింది. "దూధ్ కాదురా సన్నాసీ, పిండీ!"

వాడికేం అర్థమైందో గానీ నమస్కారం పెట్టి వెళ్ళిపోయాడు. నాకు నవ్వొచ్చింది. ఆపుకోలేకపోయాను. ఆవిడా నవ్వింది, కళ్ళు తుడుచుకుంది, మళ్ళీ తిట్టింది. నన్నో, బండినో, తననో తెలీదు.

దీపం ఆరింది. వెనక్కి తిప్పాం. డాలా తెరిస్తే తెల్లగా జారి చక్రాల మీద పడింది. మిగిలిన పిండిని చిన్నమ్మ కొందరికి నిండుగా పోసి కొందరికి ఎగ్గొట్టలేదు. మిగతా కొట్లన్నిటికీ సగం సగం పోసింది. అందరూ గొణిగారు, తీసుకున్నారు. ఏంజలిన్ అక్క దగ్గర మాత్రం అప్పటికే గల్లా పక్కన ఖాళీ పేకెట్లు పడి ఉన్నాయి.

"జనాలు నిలబడిపోనారు సొర్నా. నీకోసం ఎంతసేపని సూస్తాను?"

"నిజవేలే" అంది చిన్నమ్మ. బతిమాలలేదు. నేను నోరు తెరవబోతే నా జబ్బ గిల్లింది.

బండి కడిగి, తాళం బిశ్వాస్ దాదా చేతిలో పెట్టాం. దీపం ఆరింది కదా దీదీ, ఇంకేం కావాలి అన్నాడాయన. "బండి మంచిదే దాదా. దూరాలు తిరిగేవోడికి అమ్ము. మాది గల్లీ బతుకు" అని చెప్పి వచ్చేసింది. అటునుంచటే టోనీ ఇంటికి వెళ్ళి నీలం బండి ఖాయం చేసింది.

మాటల్లో నేను గెలిచాను, సరే. దానివల్ల ఒరిగింది ఏమీ లేదు. నీలం బండి వచ్చిన వారంలోనే గోల్ బజార్‌లో క్లచ్ వైరు తెగింది. ఎదురుగా ఉన్న మిస్త్రీ టీ తాగడం ఆపి, వైరు మార్చి, చల్లారకముందే మళ్ళీ గ్లాసు అందుకున్నాడు. పిండి వేళకి చేరింది. కానీ మళ్ళీ మూడొంతులే పోస్తున్నాం, రెండు ట్రిప్పులు తిరుగుతున్నాం, బండి పీలుస్తూనే ఉంది. చిన్నమ్మ పిండి ధర పెంచక తప్పలేదు. కొట్లవాళ్ళు తిట్టారు. ఒకరిద్దరు పేకెట్ వాడి కార్డు జేబులో పెట్టుకున్నారు. నాకు కనపడేలా పెట్టుకున్నారు. రేపు ఎవరు ఉంటారో, ఎవరు పోతారో తెలీదు. అది తెలియకపోయినా చిన్నమ్మ నిద్రపోగలదు. నాకే నిద్ర పట్టదు.

ఏంజలిన్ అక్క తిరిగి రాలేదు. ఆ కొట్టు ముందు నుంచే మేం రోజూ వెళ్ళాలి. నేను వేగం పెంచేవాణ్ణి. నిన్న చిన్నమ్మ ఆపమంది.

"ఎల్లి రెండిడ్లీలు అట్టుకురా."

"ఆ పేకెట్టు పిండివా? నీకు పిచ్చేటి?"

"అట్టుకురారా అంటే."

ఇంజిను ఆపకుండానే దిగి తెచ్చాను. ఏంజలిన్ అక్క నా మొహం చూడకుండా చట్నీ రెండు గరిటెలు ఎక్కువ వేసింది. చిన్నమ్మ ఆకు ఒళ్ళో పెట్టుకుని ఒక ముక్క విరిచింది. వేళ్ళతో నొక్కి చూసింది, వాసన చూసింది, నోట్లో పెట్టుకుంది. అంతా తినేసింది. నేను స్టీరింగ్ మీద వేళ్ళు కొట్టుకుంటూ కూర్చున్నాను.

"ఎలగుంది?"

"బాగుందిరా" అంది. "మరీ బాగుంది. మినపప్పు తక్కువేసినారు, అయినా గట్టి పడనేదు. ఎలగ సేసినారో."

చెయ్యి కడుక్కుని, తడిచేత్తో డాష్‌బోర్డు మీద రెండు దెబ్బలు వేసింది.

"కూకున్నావేటి, పోనియ్. ఖరిదావోళ్ళు పెనం ఎట్టీసుంటారు."

పోనిచ్చాను.