నాలుగో నంబరువాడికి పౌరుషం లేదు

మా అక్క ట్రాలీ ఆటో కొంటానని చెప్పినప్పుడు ఇంట్లో ఎవరూ వద్దనలేదు. వద్దనాలంటే ముందు నవ్వడం ఆపాలి కదా.

అక్కది మా ఊళ్లోనే, మా పక్కిల్లే. తర్లుపాడు దగ్గర బోరు కింద వంకాయ, బెండ వేస్తుంది. బావ గొర్రెలతో పోతాడు, గొర్రెలతో వస్తాడు; మధ్యలో ఆయన అభిప్రాయం ఏమిటో ఎవరికీ తెలియదు. కాయ కోసిన రోజు కిరాయి ఆటోవాడు వాడికి తోచినప్పుడు వచ్చేవాడు. మార్కాపురం మార్కెట్టుకు చేరేసరికి మంచి బేరాలన్నీ అయిపోయి, సంతాపం చెప్పేవాళ్లు మాత్రం మిగిలి ఉండేవాళ్లు. ఒక ఏడాది అట్ల ఓర్చుకుని, అక్క డ్రైవింగు నేర్చుకుంది. లైసెన్సు తెచ్చుకుని గోడకు తగిలించింది. దాంతో నవ్వు కొంచెం తగ్గింది.

కొత్త బండికి అంత డబ్బు లేదు. వాయిదాలు కట్టలేనివాళ్ల దగ్గర ఫైనాన్సు కంపెనీవాళ్లు గుంజుకొచ్చిన బండ్లను ఆన్‌లైన్లో వేలం వేస్తారని నేనే చెప్పినాను. డిగ్రీ చదివినందుకు ఇంట్లో నాకు అప్పగించిన పనుల్లో ఫోన్ చూడటం ముఖ్యమైనది. నా పేరు మీద ఖాతా తెరిచి, అక్క డబ్బుతో ధరావత్తు కట్టినాను.

మార్కాపురం బయట ఆ కంపెనీ యార్డులో వేలానికి ఉన్న ఒక ట్రాలీ ఆటోను చూడటానికి పోయినాం; అక్క దాని కిందికి దూరింది. చాలాసేపటికి బయటికొచ్చి, చీర దులుపుకుని ఒక రేటు చెప్పింది.

"దీనికి ఒక్క రూపాయి పైన వద్దు. పైకి పోతే చూడి గొర్రెల్ని అమ్మాల. గొర్రెలు పోయి ఆటో వస్తే, నేను ఎక్కినట్టా దిగినట్టా?"

అందరికీ అర్థమైంది. నాయనకు తప్ప.

నాయన మా చుట్టుపక్కల పంచాయతీ వేలంపాటల్లో పేరున్న మనిషి. చింతచెట్ల కాపు పాటకు ఆయన రాకపోతే పాట చప్పగా ఉంటుందని మనిషిని పంపి పిలిపించుకునేవాళ్లు. ఆయన పద్ధతి ఒకటే. చివరిదాకా బీడీ కాలుస్తూ కూర్చోవడం, రెండోసారి అని కేక పడినాక లేచి పాడటం. గెలవాలని కాదు. అవతలివాడికి చెట్లు చవగ్గా పోకూడదని. నలుగురిలో తగ్గితే మీసం తగ్గినట్టు కాబట్టి అవతలివాడు మళ్లీ పాడతాడు, నాయన మళ్లీ కూర్చుంటాడు. ఒకటి రెండుసార్లు అవతలివాడు పాడలేదు. అప్పుడు పెద్దమనుషులు "ఏదో ఊపులో అన్నాడులే" అని తేల్చేసినారు, నాయన అందరికీ టీ, బజ్జీలు ఇప్పించినాడు. మా ఊళ్లో తొందరపాటు ఖరీదు అంతే.

వేలం రోజు మధ్యాహ్నం సరిగ్గా పాట ముదిరే వేళకు త్రీఫేజు కరెంటు వచ్చింది. కరెంటును ఆగమనలేం, తోటను ఆగమనలేం. అక్క మోటారు వేయడానికి పోతూ, "రేటు దాటితే ఫోన్ జేబులో పెట్టుకో, అంతే" అని చెప్పి పోయింది. నేను సిగ్నల్ కోసం క్వారీ పక్కన పలకరాయి ముక్కల దిబ్బ ఎక్కినాను. నాయన నా వెనకే ఎక్కినాడు, ఊరికే గాలి కోసమని.

చివరి నిమిషాల్లో మిగిలింది నేను, నాలుగో నంబరు బిడ్డరు. పేర్లుండవు, నంబర్లే. ఆఖర్న ఎవరు పాడినా గడియారంలో ఇంకొంచెం టైము కలుస్తుంది. అక్క చెప్పిన రేటు దాకా నేను పోయినాను, నాలుగో నంబరు దాటినాడు. చెప్పినట్టే ఫోన్ జేబులో పెట్టుకోబోయినాను. నాయన చేయి చాచినాడు. మా ఇంట్లో నాయన చేయి చాస్తే ముందు వస్తువు ఇస్తాం, ఎందుకని తర్వాత అడుగుతాం.

"ఆ నాలుగోవాడు ఏ ఊరోడు?"

"తెలీదు నాయనా. నంబరే."

"నంబరైతే మాత్రం, అంత చవగ్గా పోనిస్తామా? రెండు మెట్లు ఎక్కిచ్చి వదులుదాం."

నొక్కినాడు. నాలుగో నంబరు దాని మీద ఇంకో మెట్టు పాడినాడు. నాయన తొడ చరుచుకున్నాడు.

"చూసినావా? తగిలింది!"

"చాలు నాయనా. వాడు ఆగితే బండి మన మెడకు పడుతది."

"ఇంత దూరం వచ్చినోడు ఆగుతాడా? పౌరుషం ఉండదూ?"

నేను ఫోన్ అందుకునేలోపే మళ్లీ నొక్కినాడు. ఇద్దరం చూస్తా ఉన్నాం. గడియారం దిగుతా ఉంది. నాలుగో నంబరు పలకలేదు. గడియారం సున్నాకు వచ్చింది. తెర మీద రంగు కాగితాలు రాలినాయి, అభినందనలు అని పడింది. కంపెనీవాళ్లు చాలా మర్యాదస్తులు.

"ఏందిరా, వాడు పాడలే?"

"ఇంటికి పోయినట్టున్నాడు నాయనా."

"అట్లెట్ల పోతాడు?" అని నాయన దిబ్బ కిందికి చూసినాడు, నాలుగోవాడు అక్కడేమైనా కనబడతాడేమోనని.

కంపెనీకి ఫోన్ చేసి స్పీకరు పెట్టమన్నాడు. "సార్, ఊపులో పడిందయ్యా, దీన్ని కొట్టేయండి, అందరికీ టీ నేను ఇప్పిస్తా" అన్నాడు. అవతల ఉన్న అబ్బాయి ఓపికగా, "సిస్టమ్ తీసేసుకుంది సార్, మా చేతుల్లో ఏం లేదు" అన్నాడు.

"అయితే ఆ సిస్టమ్‌కే ఇయ్యి, మాట్లాడతా."

ఇవ్వలేదు. మొత్తం కట్టి బండి తీసుకోవాలి, లేకుంటే ధరావత్తు పోతుంది, అంతే అన్నాడు.

అక్క కాళ్లకు బురదతో వచ్చింది. మా మొహాలు చూసి నా దగ్గర ఫోన్ తీసుకుంది, అంకె చూసింది. ఫోన్ తిరిగి నా జేబులో పెట్టింది.

"అమ్మా, గేదెను అమ్మేస్తా, బండి తెచ్చుకుందాం" అన్నాడు నాయన.

"ఆ బండి కింద నేను పండుకుని చూసినా నాయనా. దాని విలువ నాకు తెలుసు. దానికి గేదె ఎక్కువ, నా గొర్రెలు ఇంకా ఎక్కువ."

"ధరావత్తు పోతదే?"

"పోనీ. పోయేది అంతవరకే. దాన్ని పట్టుకోవాలని ఎగబడితేనే మిగతాది కూడా పోతది."

అట్ల ధరావత్తు పోయింది. నా ఖాతాను కూడా కొన్నాళ్లు మూసేసినారు. వేలం ప్రపంచంలో మాది పరువు తక్కువ కుటుంబం అయింది. నాయన రెండు రోజులు అన్నం దగ్గర ఉప్పు కూడా అడగలేదు. ఆ తర్వాత అక్క తన పేరు మీద ఖాతా తెరిపించింది. ధరావత్తుకు నాయన డబ్బు తెచ్చి ఆమె ముందు పెట్టినాడు. అక్క కాదనలేదు, మెచ్చుకోనూ లేదు.

దొనకొండ బండి ఒకటి ఆమె రేటు దాటిపోయింది. "సరే" అని సంచులు కుట్టుకుంది. "ఇంకొక్క మెట్టు ఎక్కుంటే..." అని ఎవరో అనబోయినారు. ఎవరో అంటే నేనే.

మూడో బండి గిద్దలూరు యార్డులో ఉంది, ఎడమ తలుపు సొట్టపోయింది. ఆమె దాని కింద కూడా పండుకుని చూసింది. వేలం రోజు పొద్దున్నే తన ఆఖరి రేటు ఒకేసారి పెట్టేసింది. అంతవరకు మన బదులు సిస్టమే పాడుతుంది, ఆపైన ఆగిపోతుంది. పెట్టి, ఫోన్ తీసుకుపోయి బియ్యం డబ్బాలో వేసి మూత పెట్టింది. డబ్బా మీద వంకాయల గంప పెట్టింది. నాయన ఆ డబ్బా చుట్టూ ఎన్నిసార్లు తిరిగినాడో, వంటింట్లో అన్ని పనులు ఆయనకు పుట్టి బుద్ధెరిగినాక ఎప్పుడూ లేవు.

"ఇప్పుడు ఎంతలో ఉందో ఒకసారి చూద్దామా అమ్మా?"

"చూస్తే ఏం చేస్తావు నాయనా?"

నాయన నిజాయితీగా ఆలోచించి, మంచినీళ్లు తాగి బయటికి పోయినాడు.

డబ్బాలో నుంచి మెసేజి చప్పుడు వినబడినాక కూడా అక్క చేతిలోని సంచి మూతి కుట్టడం పూర్తి చేసింది. తీసి చూసింది. బండి వచ్చింది, ఆమె రేటుకు కాస్త కిందనే.

గిద్దలూరు నుంచి తనే తోలుకొచ్చింది. ముందు నాయన, వెనక ట్రాలీలో నేను. కంభం దాటేదాకా నాయన, వెనకొచ్చే ప్రతి బండినీ చూపించి, "వాడిని దాటనీయకు, తొక్కు" అంటానే ఉన్నాడు. అక్క అందరికీ దారి ఇచ్చుకుంటా వచ్చింది. మరుసటి రోజు మార్కెట్టు తెరిచేసరికి మా వంకాయలు మొదటి వరసలో ఉన్నాయి.