సంగటిలో నడిమి కాలు

తిరుపతి దగ్గరి మా ఫ్యాక్టరీలో నేను తనిఖీ చూసేవాణ్ణి. సర్క్యూట్ బోర్డు మీద విడిభాగాల లోహపు కాళ్లను అతికించే సోల్డర్ పేస్ట్ పడాల్సిన చోట స్టెన్సిల్ రేకుకు రంధ్రాల నమూనా గీసేది వడమాలపేట నుంచి వచ్చే ఒకామె. వింత ఆకారపు విడిభాగం వచ్చినప్పుడల్లా ఒకటి మాయమయ్యేది. నా డైరీలో నాలుగుసార్లు ఆమె మీదే అనుమానం రాసుకున్నాను.

ఒక మధ్యాహ్నం ఆమె టిఫిన్ బాక్స్ తెరిపించాను. రాగిసంగటి ముద్దలో ఆ విడిభాగం గుచ్చి ఉంది.

"ఉద్యోగం పోతుందమ్మా!" అన్నాను.

"చెప్తే నవ్వుతారని దాచినా సార్. సూడండి, దీన్ని చేసినోళ్లు పంపిన బొమ్మలో నడిమి కాలు నేరుగా ఉండాది. సంగట్లో గుచ్చి అచ్చు తీస్తే పక్కకు పడింది. బొమ్మను నమ్మితే పేస్ట్ యాడో, కాలు యాడో. బోర్డులన్నీ చెత్తకే."

సూక్ష్మదర్శిని కింద కొలిచాను. ఆమె చెప్పిందే నిజం.

"తప్పు నాదేనమ్మా. ఫిర్యాదు రాయను," అన్నాను.

ఆమె ముఖం విప్పారలేదు. "లెయ్యండి సార్, మీ కొలత గూడా ఒకసారి సూస్తా," అంటూ సూక్ష్మదర్శిని ముందున్న నా కుర్చీలో కూర్చుంది.