వీపు మీద వేళ్ళు

అందరూ ఆయన్ని బకెట్ మాస్టారనే పిలిచేవాళ్ళు. మామూలు రోజుల్లో మోటార్లకి వైండింగు చేసుకునే మెకానిక్కు. పోటీలున్న రోజు మాత్రం బకెట్టు, స్పాంజి, తువ్వాలు పట్టుకుని బాక్సింగ్ రింగు మూలన తమ్ముడి వెనక నిలబడేవాడు. తమ్ముడు దెబ్బలు తింటాడు, ఈయన తుడుస్తాడు. పేరు తమ్ముడిది, పొగరు ఈయనది.

ఆ పొగరుకి కారణం ఒక చిన్న విద్య. రౌండుకీ రౌండుకీ మధ్య దొరికే నిమిషంలో, అనుమానమొస్తే రింగు డాక్టరు తాళ్ళ దగ్గరికొచ్చి వేళ్ళు చూపించి ఎన్నని అడుగుతాడు. చెప్పలేకపోతే పోటీ అక్కడితో సరి. తమ్ముడికి ఒక డాక్టరు ఇద్దరుగా కనబడుతున్నప్పుడు కూడా లెక్క తప్పేది కాదు. ఎందుకు తప్పుతుంది? వీపు తుడిచే వంకతో మాస్టారు తువ్వాలు చాటునుంచి వేలితో తట్టేవాడు. మూడు వేళ్ళకి మూడుసార్లు. "మూడు సార్," అనేవాడు తమ్ముడు. డాక్టరు తలూపి దిగిపోయేవాడు. వాడిది తల కాదు, బండరాయి అని జనం చెప్పుకుంటుంటే మాస్టారు మీసం దువ్వుకునేవాడు. ఈ ఘనకార్యం టీ కొట్టు దగ్గర చెప్పి నలుగుర్నీ నవ్వించేవాడు కూడా. ఆ నవ్వులు ఇప్పుడు గుర్తొస్తే తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియదు.

తమ్ముడికి నలభై ఆరు నిండాయి. మాట ముద్దముద్దగా వస్తోంది. చొక్కా గుండీలు ఎగుడుదిగుడుగా పెట్టుకుంటాడు. సరిచెయ్యబోతే పెళ్ళాం మీద చెయ్యెత్తి, మరుక్షణం ఎందుకేడుస్తున్నావని ఆవిడనే అడుగుతాడు. మొన్న సందు చివరి కొట్టుకి వెళ్ళి ఇంటిదారి మర్చిపోయాడు. అసలు జబ్బేమిటో తేలాల్సిందేనని మరదలు పట్టుబట్టి, అన్నదమ్ములిద్దర్నీ మెదడు డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళింది. మాస్టారికి మాత్రం అది తేలకూడదనే ఉంది. తేలితే తను చేసింది బయటపడుతుంది.

తమ్ముడు స్టూలు మీద, పక్కనే మాస్టారు, వెనక బెంచీ మీద మరదలు కూర్చున్నారు.

"ఇది ఏడాదిలో ఎన్నో నెలండీ?" తమ్ముణ్ణి అడిగింది డాక్టరమ్మ.

తమ్ముడు నోరు తెరిచి అలాగే ఉండిపోయాడు. మాస్టారి చెయ్యి ఎప్పుడు లేచిందో ఆయనకే తెలియదు. తమ్ముడి వీపు మీద ఏడుసార్లు తట్టింది.

"ఏడో నెల."

"పిల్లలెంతమంది?"

వేలు రెండుసార్లు కదిలింది.

"ఇద్దరు."

డాక్టరమ్మ కాగితం మీద టిక్కులు పెట్టి, "పర్లేదు, బాగానే చెబుతున్నారు. నిద్ర చాలక మతిమరుపేమో. ముందు నిద్రకి మందు రాస్తాను," అంది.

మాస్టారికి ప్రాణం లేచొచ్చింది. అంతలో వెనకనుంచి మరదలు, గొంతు పెంచకుండానే, "బావగారూ, ఆ చెయ్యి తియ్యండి," అంది.

ఆయనకి తల కొట్టేసినట్టయింది. చెయ్యి తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. సంగతి అర్థమైన డాక్టరమ్మ, "పిల్లలెంతమందండీ?" అని మళ్ళీ అడిగింది. తమ్ముడు ఆలోచించను కూడా లేదు. స్టూలు మీద వెనక్కి జరిగి, అన్నయ్య చేతికోసం వీపుతో వెతుక్కున్నాడు.

ఇక మాస్టారి వల్ల కాలేదు. నేలకేసి చూస్తూ మొత్తం చెప్పేశాడు. ఆఖరి పోటీలో ఆరో రౌండయ్యాక తమ్ముడు తనవైపు తిరిగి నువ్వెవరని అడిగాడు. అయినా రింగు డాక్టరు వేళ్ళు చూపిస్తే తను నాలుగుసార్లు తట్టాడు. ఆ తర్వాత ఇంకో రెండు రౌండ్లు వాడు తలమీద దెబ్బలు తిన్నాడు. అంతకుముందు ఇలా ఎన్ని పోటీల్లో జరిగిందో చెప్పలేడు.

"అప్పుడే ఆపేసేవాళ్ళమ్మా. నేనే ఆపనివ్వలేదు. వాడు గెలిస్తే నాకు గొప్ప కదా," అన్నాడు మరదలి మొహం చూడకుండా.

మరదలు లేచొచ్చి అన్నదమ్ములిద్దరి మధ్యా నిలబడింది. నాలుగు తిట్టినా బాగుండుననిపించింది ఆయనకి.

ఇంతసేపూ వింటున్న తమ్ముడి మొహం మాత్రం వెలిగిపోయింది. ఎన్నాళ్ళకో మాట తడబడకుండా వచ్చింది.

"అవునండీ. మా అన్నయ్య పక్కనుంటే నన్నెవరూ ఆపలేకపోయేవాళ్ళు," అన్నాడు డాక్టరమ్మతో, గర్వంగా.